మిరప కల్లంలో తీసిన ఫోటో

కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఊరి చరిత్రకారుడు కావాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. నన్ను కమ్మని ఎవరూ బతిమాలలేదు కూడా. ఒంగోలులో కాలేజీ ఉద్యోగం అయిపోయి ఊరికి వచ్చేశాక, పొద్దున్నే పేపరు చదివేస్తే ఇక మధ్యాహ్నం భోజనం దాకా నాకు పనేమీ ఉండేది కాదు. మా ఆవిడకి మాత్రం బోలెడు పని ఉండేది. ఆ పనిలో నేను సలహాలు ఇస్తూ ఉండేవాణ్ణి. పప్పులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో, చీపురు ఏ మూల నుంచి పట్టాలో చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళు ఓర్చుకుని ఒకరోజు ఆవిడ, “ఊరికి ఏదన్నా మంచిపని చెయ్యకూడదూ, పుణ్యం వస్తుంది” అంది. ఆ పుణ్యం ఊరికా, నాకా, తనకా అన్నది నేను అడగలేదు.

ఆ మాట పట్టుకుని ఫోనులో ఒక గ్రూపు పెట్టాను. పేరు ‘మన ఊరు – మన జ్ఞాపకాలు’. అడ్మిన్ నేనే. ‘మన పెద్దల అమూల్యమైన స్మృతులను భావితరాలకు అందించుట ఈ సమూహము యొక్క ముఖ్యోద్దేశము’ అని పైన రాశాను. ‘అందించుట’ అని రాశాక కాసేపు దానివంకే చూసుకుంటూ కూర్చున్నాను. ఊళ్ళో ఉన్నవాళ్ళూ, ఒంగోలులోనూ హైదరాబాదులోనూ స్థిరపడ్డవాళ్ళూ, పెళ్ళయి చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళిన ఆడపిల్లలూ అందరూ చేరారు. ఇంకేం, చరిత్ర తోసుకుంటూ వస్తుందనుకున్నాను.

మొదటి వారం గులాబీ పూలు వచ్చాయి. వాటి కింద శుభోదయాలు వచ్చాయి. ఆ తర్వాత గుంటూరు యార్డులో మిర్చి ధరలు, పత్తికి కొట్టాల్సిన మందులు, చీమకుర్తి గ్రానైట్ లారీలు మా రోడ్డుని ఏం చేశాయో చూపించే వీడియోలు వచ్చాయి. జ్ఞాపకాలు మాత్రం రాలేదు. నేను కోప్పడ్డాక అవీ రావడం మొదలుపెట్టాయి. ఊళ్ళో మొదటి రేడియో మా తాతదే అని ఒకాయన రాశాడు. కాదు మాదే అని ఇంకొకాయన రాశాడు. మొదటి మోటారు సైకిలుకు ముగ్గురు హక్కుదార్లు తేలారు. మొదటివే గానీ, రెండో రేడియో, రెండో మోటారు సైకిలు మా ఊళ్ళో ఎవరింట్లోనూ ఉన్నట్టు లేదు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? మా ఊరికి బస్సు మా తాత పట్టుదల వల్లే వచ్చిందని ఒక పేజీ రాసి పెట్టాను. అరగంట తిరక్కముందే ఒక పెద్దాయన తన గొంతుతో రికార్డు చేసి పంపాడు. “మీ తాత తెచ్చింది బస్సు గాదు నాయనా, కండక్టరుతో తగాదా. ఆయన దెబ్బకి ఆ బస్సు చాన్నాళ్ళు మన ఊరి మొహం చూళ్ళా.” గ్రూపులో ఎవరి మెసేజినైనా తీసేసే అధికారం అడ్మిన్‌కి ఉంటుందని నాకు తెలిసింది ఆ రోజే.

ఇలా నా చరిత్ర రచన సాగుతుండగా, అటక మీద పాత పెట్టె దులుపుతుంటే ఒక ఫోటో బయటపడింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది. ఒకప్పుడు ఎరువులు అమ్మేవాళ్ళెవరో క్యాలెండరు కోసమని మా మిరప కల్లంలో తీసిన ఫోటో అది. క్యాలెండరు ఎన్నడూ రాలేదు గానీ ఫోటో కాపీ ఒకటి మా నాన్నకి ఇచ్చినట్టున్నారు. కోసిన మిరపకాయలు ఎండబోసే చోటే కల్లం. ఎండిన కాయల్లో ఎరుపు తప్పి తెల్లబారిన వాటిని తాలు అంటారు. అవి కలిస్తే ధర పడిపోతుంది గనక ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఏరేస్తారు. ఆ పనిలో లేచే ఘాటుకి మామూలు మనిషైతే తుమ్మలేక చస్తాడు. అందుకని అందరూ పైట చెంగో, పాత గుడ్డో ముక్కూ నోరూ కప్పేలా బిగించి కట్టుకుంటారు. ఫోటోలో పదిమంది దాకా ఉన్నారు. కళ్ళు తప్ప ఏ ఒక్కరి మొహమూ కనిపించదు. తెలుపు నలుపు ఫోటో కావడంతో అంత ఎర్రటి కాయలూ బొగ్గుల్లా పడ్డాయి.

‘ఈ మాతృమూర్తులను గుర్తించుడు’ అని ఆ ఫోటోని గ్రూపులో పెట్టాను. ఎవరి అమ్మ వాళ్ళకి కనిపించింది. ఎవరి నాయనమ్మ వాళ్ళకి కనిపించింది. ఒకే ఆవిడ నలుగురికి తల్లీ, ఇద్దరికి అమ్మమ్మా అయింది. సాయంత్రానికి సగం ఊరు ఆ కల్లంలో చేరిపోయింది. ఒక తల్లి పిల్లలే ఇద్దరు, మా అమ్మ ఈమంటే ఈమని వాదించుకుని, చెరో మనిషినీ తల్లిగా తీసుకుని గ్రూపులోంచి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఉప్పొంగిపోయాను. చరిత్ర మీద జనానికి ఇంత ఆసక్తి కలిగించినవాణ్ణి నేనే కదా అని.

ఆ మర్నాడు నాకొక ఫోను వచ్చింది. మా బాబాయి వరస ఆయన కూతురు. నాకు చెల్లెలవుతుంది. సింగరాయకొండ దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. ఈమధ్యే అమ్మమ్మ కూడా అయింది.

“అన్నయ్యా, ఆ ఫోటోలో మా అమ్మ ఉందా?” అంది.

ఆమె తల్లి సంగతి నాకు తెలుసు. తెలుసంటే, ఉండేదని తెలుసు. ఈ పిల్లకి ఏడాది నిండకముందే జ్వరమొచ్చి పోయింది. అప్పుడు నేను హాస్టల్లో చదువుకుంటున్నాను. బాబాయి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.

“మా పిన్ని నన్ను కన్నకూతుర్లా చూసింది అన్నయ్యా. అందుకే మా అమ్మ గురించి ఇంట్లో ఎన్నడూ అడగలేకపోయా. అడిగితే, నువ్వు చేసింది చాల్లేదు పిన్నీ అన్నట్టు ఉంటది గదా. ఇప్పుడు నాన్నా లేడు, పిన్నీ లేదు. మేనమామలు మా చిన్నప్పుడే పొలాలు అమ్ముకుని కర్ణాటక క్యాంపులకి పోయారు. ఆ క్యాంపులంటే మనోళ్ళు పోయి సేద్యం చేసుకునే చోట్లు, ఆళ్ళ జాడే లేదు. ఊళ్ళో ఎవర్ని అడిగినా మీ అమ్మా, బంగారం, మహాలక్ష్మి అంటారు. బంగారం అంటే నాకేం తెలుస్తది? ఎట్టా ఉండేది, ఎట్టా మాట్టాడేది, కోపం వస్తే ఏం చేసేది, ఒక్కళ్ళూ చెప్పరు. ఒక్క ఫోటో లేదు అన్నయ్యా. నువ్వు చదువుకున్నోడివి, కాస్త చూసి చెప్పు.”

అంతసేపూ నా కళ్ళు చెమ్మగిల్లుతూనే ఉన్నాయి. ఆ చివరి మాటతో ఆరిపోయాయి. ‘చదువుకున్నోడివి’ అంటే నాకు ఒళ్ళు తెలీదు. భూతద్దం తీసుకుని కూర్చున్నాను.

ఎడమ నుంచి మూడో ఆవిడ ఒళ్ళో ఒక పసిపిల్ల ఉంది. ఏడాది లోపు పిల్ల. ఫోటో ఏ కాలందో నాకు ఉజ్జాయింపుగా తెలుసు. అప్పటికి మా చెల్లెలి వయసు కూడా అంతే. కాబట్టి ఒళ్ళో పిల్ల మా చెల్లెలు. పిల్ల మా చెల్లెలు గనక ఎత్తుకున్న ఆవిడ వాళ్ళమ్మ. కామర్స్‌లో దీన్ని రెండు వైపులా లెక్క సరిపోవడం అంటాం. అయినా నేను తొందరపడే మనిషిని కాదు. శాస్త్రీయంగా ఉండాలని గ్రూపులో ఓటింగు పెట్టాను. ‘ఎడమ నుంచి మూడవ మాతృమూర్తి ఎవరు?’ భారీ మెజారిటీతో మా చెల్లెలి తల్లే గెలిచింది. ఓటేసినవాళ్ళలో చాలామంది అప్పటికి పుట్టనే లేదన్నది నాకు అడ్డం రాలేదు.

ఓట్లు లెక్కపెట్టుకుంటుంటే మా ఆవిడ, “ఇదంతా ఎందుకండీ? వీధి చివర మీ మేనత్త ఉందిగా. ఆ కల్లంలోనే కదా ఆవిడ తాలు ఏరింది. వెళ్ళి చూపించి రండి” అంది.

మా మేనత్త అంటే మా నాన్న అక్కగారు. ఊళ్ళోనే ఇచ్చారు. ఎనభై దాటాయి. చూపు కాస్త మందగించింది గానీ నోరు ఇసుమంతైనా తగ్గలేదు. మా చెల్లెలి తండ్రికి కూడా ఆవిడ పెదనాన్న కూతురే, కాబట్టి ఆ అమ్మాయికీ మేనత్త వరసే. ఆవిడ్ని అడగాలని నాకు తట్టకపోలేదు. తట్టింది కాబట్టే మానుకున్నాను. అంతకుముందు ఒకసారి ఆవిడ జ్ఞాపకాలు రికార్డు చేద్దామని ఫోను పట్టుకుని వెళ్ళాను. “అత్తా, నీ బాల్యం గురించి రెండు మాటలు చెప్పు” అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, “పెన్షనెంత వస్తదిరా నీకు? ఈ పనికేనా వాళ్ళు ఇచ్చేది?” అంది. ఆ రికార్డింగు ఇప్పటికీ నా దగ్గరుంది. భావితరాలకు అందించుటకు వీల్లేనిది.

అందుచేత మేనత్త ఇంటికి వెళ్ళడం కంటే ప్రజాభిప్రాయమే మేలనుకున్నాను. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నేను ఊరంతా వెతకను కూడా లేదు, ఫోనులో వెతికాను.

చెల్లెలికి ఫోను చేసి సంగతి చెప్పాను. అవతల చిన్నగా ఏడుపు. మూడో ఆవిడ బొమ్మ ఒక్కటీ కత్తిరించి పెద్దది చేసి పంపాను.

“కళ్ళు నావేనన్నయ్యా” అంది.

“అచ్చు గుద్దినట్టు” అన్నాను. అప్పటికి నేను ఆ పిల్లని చూసి కొన్నేళ్ళయింది. తన కళ్ళు ఎలా ఉంటాయో నాకు గుర్తు లేదు.

తర్వాత ఒంగోలులో ఒక స్టూడియోకి ఇద్దరం వెళ్ళాం. స్టూడియో అతను ఫోటో చూసి, మొహానికున్న గుడ్డ కంప్యూటర్లో తీసేసి ముక్కూ నోరూ పెట్టిస్తానన్నాడు. నేను ఉత్సాహపడిపోయి, అతను చూపించిన ముక్కుల్లోంచి కోటేరులాంటిది ఒకటి ఎంచాను కూడా. చెల్లెలు మాత్రం ఒప్పుకోలేదు. “లేని ముక్కు పెట్టొద్దన్నయ్యా. కళ్ళున్నయి, చాలు” అంది. ఆ మాటకి నేను సిగ్గుపడి ఉండాల్సింది. కొంచెం నొచ్చుకున్నాను.

ఫోటో కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళాక ఆమె రోజూ పొద్దున్నే దాని ముందు దీపం పెట్టేదిట. మనవరాలిని ఎత్తుకెళ్ళి, ఇదిగో మా అమ్మ అని చూపించేదిట. ఇన్నాళ్ళకి తల్లి ఇంటికొచ్చింది కదా, అయినవాళ్ళని నలుగుర్ని పిలిచి అన్నం పెట్టుకుంటానంది. మా ఊరినుంచి ఒక వ్యాను మాట్లాడాం. పిలవకపోతే బావుండదని మేనత్తనీ పిలిచాం. ఆవిడ వ్యానులో నా పక్కనే కూర్చుని, డ్రైవరు తోలడం ఎలా తప్పో సింగరాయకొండ దాకా చెబుతూ వచ్చింది. నా జేబులో ఉపన్యాసం ఉంది. దాన్ని తడుముకుంటూ నేను ఓర్చుకున్నాను.

వాళ్ళింట్లో హాలు నిండా జనం. గోడకి ఫోటో, దానికి గంధపు చెక్క దండ, నుదుటి దగ్గర కుంకుమ బొట్టు, కింద దీపం. అందరూ కూర్చున్నాక నేను లేచాను. “ఆ కళ్ళను చూడండి. అందులో ఎంత ఓర్పు, ఎంత శాంతం, ఎదుటివారిని పల్లెత్తు మాట అనని ఎంతటి సాధుత్వం” అని మొదలుపెట్టాను. జనంలో ఎవరో ముక్కు చీదుకున్నారు. నా మాటల ప్రభావమనుకుని గొంతు ఇంకాస్త పెంచాను.

అప్పుడు మేనత్త లేచింది. కళ్ళజోడు సవరించుకుంటూ ఫోటో దగ్గరికి వెళ్ళింది. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది. ఫోటోలో పిల్లని పట్టుకున్న ముంజేతి మీద నల్లగా ఏదో మచ్చ ఉంది. నేను భూతద్దంలో చూసి, ఫోటో పాడైందనుకున్న మచ్చ. మేనత్త తన ముంజేతి మీద గాజులు పైకి తోసింది. అక్కడ తేలు పచ్చబొట్టు ఉంది.

“ఒరేయ్, ఇది నేనేరా” అంది.

నా నోట ఉన్న సాధుత్వం నోట్లోనే ఆగిపోయింది.

“బతికున్న మడిసికి దండేశార్రా? దీపం గూడానా? రోజూ పెడతన్నారా? అందుకేనా నాకీ మధ్య మోకాళ్ళు పట్టేస్తా ఉన్నయ్?” అంటూ తనే చెయ్యి చాపి తన దండ తను తీసేసుకుంది. బతికున్న మనిషి ఫోటోకి దండ వెయ్యడం మా వైపు చిన్న తప్పు కాదు. పెద్దవాళ్ళు శివశివా అనుకున్నారు. ఎవరో గండం తప్పిందిలే, ఆయుష్షు పెరుగుద్ది అన్నారు. ఎవరో దీపం ఆర్పబోయారు, ఆర్పితే ఇంకా అరిష్టమని ఇంకెవరో అడ్డుపడ్డారు. అందరూ నావంక చూశారు.

“అది కాదత్తా, గ్రూపులో ఓటింగు పెడితే…” అన్నాను.

“ఓటింగేందిరా? నేనెవర్నో తేల్చడానికి ఓట్లేయించావా? సర్పంచి ఎలక్షనా? వీధి చివర బతికున్నాను గదరా, వచ్చి అడిగితే నీ కాళ్ళరిగిపోతయ్యా?”

నేను సీతమ్మవారిని కాను గనక భూమి చీల్లేదు. జనం నవ్వుతున్నారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు చెల్లెల్ని చూశాను. ఆమె నవ్వడం లేదు. ఏడవడం కూడా లేదు. గోడ మీది కళ్ళవంకా, మేనత్త కళ్ళవంకా మార్చి మార్చి చూస్తోంది. ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే అమ్మా అని పలకరించిన కళ్ళవి. అంత పెద్దమనిషీ ఒక్కసారిగా తప్పిపోయిన పిల్లలా కనిపించింది. ఊరి చరిత్ర, గ్రూపు, నా ఉపన్యాసం అన్నీ ఎక్కడన్నా పారేసి పారిపోదామనిపించింది. లేని తల్లిని ఇచ్చి, మళ్ళీ లాక్కున్నాను కదా అనిపించింది.

“మరి మా అమ్మేది అత్తా?” అంది చెల్లెలు. “ఈ వరసలో ఇంకెక్కడన్నా ఉందా?”

“లేదు. మీ అమ్మ ఈ ఫోటోలో లేదు” అంది మేనత్త. “నా ఒళ్ళో ఉన్నది మాత్రం నువ్వే.”

చెల్లెలు మెల్లగా కింద కూర్చుండిపోయింది. ఊళ్ళోవాళ్ళు కొందరు అలవాటు ప్రకారం, “మీ అమ్మ బంగారమమ్మా, దేవత” అని ఓదార్చడం మొదలుపెట్టారు.

“దేవతేంది? గయ్యాళి” అంది మేనత్త.

ఎవరో పెద్దావిడ, “అట్టా అనమాక, పోయినోళ్ళని” అని చెయ్యి పట్టుకోబోయింది.

“పోతే మాత్రం గయ్యాళి గాకుండా పోద్దా?” అంది మేనత్త చెయ్యి విదిలించుకుని. “నాకు మరదలు గదా, నాకు తెలవదా? కనిగిరి వైపు పిల్ల. కల్లంలో కూచుని మాట్టాడితే రోడ్డు మీద బండి ఆగేది. ఆడపడుచంటే ఏ మరదలన్నా కాస్త ఒదిగుంటది. అదా? ఒదిగే రకమేనా?”

చెల్లెలు తలెత్తింది. “చెప్పత్తా” అంది.

మేనత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఆ పొద్దు ఫోటో తీసేవోడు వచ్చాడు. అందరూ ఇటు చూడండమ్మా అన్నాడు. మీ అమ్మ నిన్ను నా ఒళ్ళో పడేసి బిందె తీసుకుని నీళ్ళకి పోయింది. నీకేమో ముక్కు కారతా ఉంది. ఫోటోలో చీమిడి ముక్కుతో పడతావని నేనే వేలుతో తుడిచా. ఆ వేలు నీ కళ్ళకి గూడా తగిలింది. పొద్దుట్నుంచీ కాయలు ఏరిన చెయ్యి. వాడు టిక్కుమనిపించాడు, నువ్వు కేరుమన్నావు.”

మిరప పని తెలిసినవాళ్ళంతా ఒక్కసారి ఇస్సని నాలుక చప్పరించారు. కారం పట్టిన చేతుల్తో పసిపిల్లల్ని ముట్టుకోకూడదని మా వైపు నడక వచ్చిన పిల్లకి కూడా తెలుసు.

“ఆ కేక యాడ విన్నదో ఏమో, బిందె దారిలోనే ఇసిరేసి పరిగెత్తుకొచ్చింది మీ అమ్మ. నిన్ను నా ఒళ్ళోంచి లాక్కుంది. ఫోటోవోడు ఉన్నాడని లేదు, మగోళ్ళున్నారని లేదు, చనుబాలు నీ కళ్ళలో పిండింది. ఒకపక్క పాలు పిండతానే, ఇంకోపక్క నన్ను తిట్టింది చూడూ!”

“ఏమని తిట్టింది?” అంది చెల్లెలు.

మేనత్త లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపింది. ఎడం చేత్తో పిల్లని అదుముకున్నట్టు పట్టింది, కుడిచేతి వేలు చాపింది. గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ఎనభై దాటిన ముసలావిడ గొంతు కాదది, నిండా పాతికేళ్ళు కూడా లేని కనిగిరి పిల్ల గొంతు.

“ఏమే వదినా! నీ చేతులిరిగిపోను! కారపు చేతులని ఎరగవా? పసిగుడ్డు మొహం మీద పెడతావా? దాని కళ్ళు పోతే నీ కళ్ళు పీకిస్తావా? ఆడపడుచువైతే నీ ఇంట్లో! నా బిడ్డ దగ్గర ఆడపడుచు లేదు, అత్త లేదు, ఆ దేవుడు లేడు!”

అని ఊపిరి తీసుకుని, మళ్ళీ తన గొంతుతో, “అదీ మీ అమ్మ” అని కూర్చుంది. “అంతమందిలో అనేసింది. నేనిక దాంతో మాట్టాళ్ళా. తిరిగి అనాలి గదా, గట్టి మాట ఒకటి వెతుక్కుంటానే ఉన్నా. ఈలోగా జొరమొచ్చింది. ఒంగోలు ఆస్పత్రికి బండిలో తీసకపోయారు. నేను వాకిట్లో నిలబడి చూశా, పలకరించలా. వచ్చినాక అందాంలే అనుకున్నా. అది రాలా. నన్ను నాలుగు మాటలనేసి, నా మాట వినకుండా పోయింది.”

అన్నేళ్ళుగా ఆవిడ ఆ మరదలి మీద పగ పట్టుకునే ఉందని నాకు అప్పుడు అర్థమైంది. ప్రేమగా తలచుకున్నవాళ్ళంతా ఆ మనిషిని బంగారం చేసేసి మర్చిపోయారు. పగపట్టిన మనిషి మాత్రం ఒక్క అక్షరం పోకుండా దాచిపెట్టింది. నా ఉపన్యాసంలో ఇలాంటి విశేషం ఒక్కటీ లేదు.

“ఇంకోసారి అనత్తా” అంది చెల్లెలు.

“ఏంది?”

“మా అమ్మ తిట్టింది. ఇంకోసారి అను.”

మేనత్త మళ్ళీ లేచి, మళ్ళీ కొంగు దోపి, మొదటినుంచీ చివరిదాకా తిట్టింది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి, రికార్డు చెయ్యండి అంది. నేను కంగారులో ఫోను తిరగేసి పట్టుకుని నా మొహమే తీసుకుంటుంటే, ఆవిడే లాక్కుని తీసింది. చెల్లెలు మాత్రం ఫోను వంక చూడలేదు. మేనత్త ఎదురుగా నిలబడి, నోట్లోనే పెదాలు కదుపుతోంది. కాసేపటికి మెల్లగా పైకి అంది.

“ఏమే వదినా… నీ చేతులిరిగిపోను…”

“అట్టా గాదు” అంది మేనత్త. “దండకం చదివినట్టు చదవమాక. వదినా కాడ సాగదియ్యాల. మీ అమ్మ ఊరవతలికి ఇనపడేటట్టు సాగదీసేది. ఆ ఎడం చెయ్యి ఏది? పిల్ల జారిపోద్ది, అదిమి పట్టుకో.”

చెల్లెలు ఎడం చెయ్యి గుండెకి అదుముకుంది. మళ్ళీ అంది. మళ్ళీ మేనత్త తప్పు పట్టింది. గొంతు పైకి, వేలు పైకి, కళ్ళు కిందికి దించొద్దు అంటూ, పద్యం నేర్పించే పంతుల్లా దిద్దింది. జనం అన్నాలు మర్చిపోయి చూస్తున్నారు. చెల్లెలి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోలేదు. రెండు చేతులూ ఖాళీ లేవు కదా, ఒకదాంట్లో పిల్ల ఉంది, ఇంకోటి వదిన మీదికి చాపి ఉంది.

ఈసారి ఆమె ఒక్క క్షణం ఆగి, నిండా గాలి పీల్చుకుంది.

“ఏమే వదినా!”

వీధిలో పోతున్న ఆటో ఆగింది. ఆ గొంతు మా చెల్లెలిలో ఉందని మాకెవరికీ తెలీదు, ఆమెకీ తెలిసి ఉండదు. మేనత్త నేర్పినదానికన్నా పెద్దగా, మేనత్త నేర్పని విసురుతో, తిట్టు మొత్తం చివరికంటా నడిచింది. నా బిడ్డ దగ్గర ఆడపడుచు లేదు, అత్త లేదు అనేసరికి, దిద్దడానికి ఎత్తిన మేనత్త చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆవిడ నోరు తెరిచింది. వాకిట్లో నిలబడ్డ నాటినుంచీ వెతుక్కుంటూ వచ్చిన ఆ గట్టి మాట ఇప్పుడు వస్తుందని నేను కాచుకుని ఉన్నాను.

ఆవిడ రెండు చేతులూ గబుక్కున కొంగులో దాచేసుకుంది.

“కడుక్కున్నాననే అనుకున్నానే పిల్లా” అంది.